జాడీపై యథాతథస్థితి

పులిసిన పదార్థాల పర్యవేక్షణ మండలి మా రైల్వే జంక్షన్ ఊళ్ళో కార్యాలయం తెరిచి ఆరు నెలలైనా ఒక్క దరఖాస్తు రాలేదు. అలాగని ఆ ఆరు నెలలూ మేం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నామంటే మాత్రం నేను ఒప్పుకోను. మొదటి నెల బోర్డు రాయించాం. రెండో నెల వానకి అందులో సగం అక్షరాలు కారిపోతే మళ్ళీ రాయించాం. మూడో నెల నుంచి ప్రతి సోమవారం పై ఆఫీసుకి శూన్య నివేదిక పంపడం మొదలుపెట్టాం. శూన్య నివేదిక అంటే తేలిక అనుకునేవాళ్ళు దాన్ని ఎప్పుడూ తయారుచేసి ఉండరు. పదహారు గళ్ళుంటాయి. పదహారింటిలోనూ సున్నా చుట్టి, ఆ సున్నాలు సరైనవేనని ముగ్గురం సంతకాలు పెట్టాలి.

మండలి ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి. పైన ఎవరో పెద్దాయన విదేశాలు తిరిగొచ్చి, అక్కడ పులిసే ప్రతి వస్తువుకీ ఒక శాఖ ఉందనీ, మన దేశంలో మాత్రం పదార్థాలు ఎవరినీ అడక్కుండా వాటి ఇష్టానికి పులుస్తున్నాయనీ బాధపడ్డారట. ఆ బాధలోంచి మండలి, మండలిలోంచి నిబంధన పుట్టాయి. ఏ ఇంట్లోనైనా, ఏ పదార్థమైనా మూడు రోజులకు మించి పులియవలెనన్నచో ముందస్తు అనుమతి పొందవలెను. ఇడ్లీపిండి ఒక్కరాత్రితో తేలిపోతుంది కాబట్టి బతికిపోయింది. నాలుగో రోజు పిండితో అట్లు పోసే ఇళ్ళు ఊళ్ళో లేకపోలేదు గానీ, ఆ సంగతి ఎవరు బయటికి చెప్పుకుంటారు?

ఈ కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు పానకాలు. నా పైన ప్రాంతీయ పర్యవేక్షణాధికారి విరూపాక్షం గారు. మనిషి చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్కసారైనా ఒక పెద్ద ఫైలు తన చేతుల మీదుగా నడవాలని ఆయన కోరిక.

నవంబర్ రెండో వారంలో ఒక బుధవారం ఉదయం ఫిలోమినమ్మ టీచరు గారు మా ఆఫీసు మెట్లెక్కారు.

ఆవిడ రైల్వే స్కూల్లో ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నాకు మూడో తరగతిలో గుణింతాలు దిద్దించింది ఆవిడే. రిటైరయ్యాక చర్చి వెనక రెండు గదుల పెంకుటింట్లో ఒక్కరే ఉంటున్నారు. ప్రతి క్రిస్మస్‌కీ ఇంట్లోనే తియ్యటి ద్రాక్షరసం పులియబెట్టి, వచ్చినవాళ్ళకి కేకు ముక్కతో పాటు చిన్న గ్లాసుడు ఇవ్వడం వాళ్ళమ్మ నాటి నుంచీ వస్తున్న ఆనవాయితీ. పెన్షన్ మనిషి కాబట్టి అన్నీ పొదుపుగానే చేస్తారు. ఆదివారం సంతలో బేరాలు సద్దుమణిగాక, గుత్తుల నుంచి రాలిపోయిన నల్లద్రాక్ష తట్టకింత అని కొంటారు. పంచదార మూడు నెలల రేషన్‌లోంచి మిగిల్చింది. బేకరీ ఇమ్మానుయేలు చిటికెడు ఈస్టు ఊరికే ఇస్తాడు. గుప్పెడు గోధుమలు, ఒక దాల్చినచెక్క ముక్క, నాలుగు లవంగాలు, పాత పంచె చించిన గుడ్డ. అంతే.

"పానకాలూ, మొన్న ఆదివారం ద్రాక్ష వేశానురా. నిన్న రేషన్ షాపు గోడ మీద మీ నోటీసు చూశాను. మూడు రోజులు నిండకముందే అనుమతి అడుగుదామని వచ్చాను" అన్నారావిడ, చక్కటి గుండ్రటి అక్షరాలతో రాసిన కాగితం నా బల్ల మీద పెట్టి.

నేను కాగితం వెనక్కి తోశాను. "టీచర్ గారూ, ఇది మీరు తెచ్చినట్టు నేను చూడలేదు. ఇంటికెళ్ళిపోండి" అని గొణిగాను.

"తప్పు కాదూ? నిబంధన అందరికీ ఒకటే. పిల్లలకి అదే చెప్పాను ముప్పై నాలుగేళ్ళు."

ఇంతలో లోపలి గది తలుపు తెరుచుకుంది. విరూపాక్షం గారు కాగితం చూశారు. ఇంకోసారి చూశారు. "దరఖాస్తు! దరఖాస్తు వచ్చిందయ్యా!" అని అరిచి, అందరికీ టీలు చెప్పించారు. టీచరు గారికి కుర్చీ వేయించారు. ఆ ఆదరణకి ఆవిడ పొంగిపోయి, అడక్కపోయినా అసలు సంగతి కూడా చెప్పేశారు.

సంగతేమిటంటే, ఆవిడకి రోజమ్మ అని ఒక్కతే చెల్లెలు. ప్యాసింజరు రైల్లో నలభై నిమిషాల దూరంలో ఉంటుంది. పదకొండేళ్ళ కిందట క్రిస్మస్ రోజున ఆ రైలు ఆలస్యమై రోజమ్మ సాయంత్రానికి చేరేసరికి ద్రాక్షరసం అయిపోయింది. "ఊరందరికీ పోశావు, సొంత చెల్లెలికి గ్లాసుడు తీసి ఉంచలేకపోయావా?" అని ఆవిడ అదే రైల్లో వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ గుమ్మం తొక్కలేదు. ఈ ఏడాది ఎవరెవరో నచ్చజెప్పగా ఒక కార్డు ముక్క రాసింది: "నా గ్లాసు నాకు తీసి ఉంచుతానంటే వస్తాను. ఈసారి కూడా లేదన్నావంటే నీకు చెల్లెలు లేదనుకో."

"కాబట్టి ఈసారి బాగా కుదరాలండీ" అన్నారు టీచరు గారు.

"తప్పకుండా కుదురుతుందమ్మా. మండలి మీ వెనకే ఉంటుంది" అన్నారు విరూపాక్షం గారు. ఆ మాటొక్కటి మాత్రం ఆయన నిలబెట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ఆయనా, నేనూ, డ్రైవరూ వాళ్ళింటికి తనిఖీకి వెళ్ళాం. వంటగది మూల, గోనెపట్టా మీద, మూతికి గుడ్డ కట్టిన గోధుమరంగు జాడీ ఉంది.

"ప్రస్తావిత జాడీ తమరిదేనా?" అన్నారు విరూపాక్షం గారు.

"మా అమ్మదండీ."

"అయితే ఆవిడ వాంగ్మూలం అవసరం."

"ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయింది."

"నమోదు చేసుకోండి పానకాలు గారూ. అసలు యజమాని తనిఖీ సమయంలో అందుబాటులో లేరు." ఆయన వంగి జాడీకి చెవి ఆనించారు. "లోపల ఏదో శబ్దం వస్తోందే?"

"బుడగలండీ. పులుస్తోంది."

"అనుమతి రాకుండానే?"

"దానికి చదువు రాదు కదండీ" అన్నారు టీచరు గారు.

విరూపాక్షం గారు నవ్వలేదు. అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. దరఖాస్తుపై తుది నిర్ణయం పై కార్యాలయం నుండి నలభై ఐదు రోజులలో వెలువడును. అంతవరకు సదరు జాడీలోని పదార్థము నేటి స్థితిలో యథాతథముగా ఉండవలెను. దరఖాస్తుదారు దానిని తాకరాదు, కదపరాదు, తొలగించరాదు.

"అది ఇలాగే ఉండదండీ" అన్నారు టీచరు గారు కంగారుగా.

"ఉత్తర్వు ఇచ్చాక ఉండకపోవడమేమిటమ్మా?"

"రేపటికి ఇంకాస్త పులుస్తుంది."

"ఎవరు పులియమన్నారు? అదే కదా ఇప్పుడు మన ముందున్న ప్రశ్న."

మర్నాడు చూస్తే బుడగలు రెట్టింపయ్యాయి. విరూపాక్షం గారు బాగా నొచ్చుకున్నారు. యథాతథస్థితి ఉత్తర్వును ధిక్కరించినందుకు ఎందుకు చర్య తీసుకోరాదో ఏడు రోజుల్లో తెలపాలని నోటీసు తయారుచేయించారు. టీచరు గారు జాడీని ముట్టుకోలేదని నేను సాక్ష్యం చెప్పడంతో నోటీసు ఆవిడకివ్వడం కుదరలేదు. చివరికి దాన్ని జాడీకే అంటించాం. జిగురు ఆరక ముందే ఊడి పడింది. నోటీసును నిరాకరించినట్టు నమోదు చేశాం.

ఇక్కడ అసలు చిక్కు వేరే ఉంది. ఆ జాడీలోది రోజూ ఒకసారి పొడి తెడ్డుతో అడుగుదాకా తిప్పాలి. తిప్పకపోతే పైకి తేలిన తొక్కలు బూజు పట్టి, మొత్తం పాడైపోతుంది. తాకరాదని ఉత్తర్వు. టీచరు గారు నన్ను గుమ్మంలో ఆపి, "బూజు పడితే రోజమ్మ మళ్ళీ రాదురా పానకాలూ" అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు. మూడో తరగతిలో మా కళ్ళలోనే ఉండేవి.

ఆ సాయంత్రం నిబంధనల పుస్తకం మొదటి నుంచీ చదివాను. మా ఆఫీసులో దాన్ని తెరిచిన మొదటివాణ్ణి నేనేనని అట్టలు చెప్పాయి. పద్నాలుగో నిబంధన దగ్గర ఆగిపోయాను. "అధీకృత ఉద్యోగి పదార్థమును పై నుండి క్రిందికిని, క్రింది నుండి పైకిని, క్షుణ్ణముగా పరిశీలింపవచ్చును."

మర్నాటి నుంచి రోజూ ఉదయం ఎనిమిదింటికి నేను జాడీని క్షుణ్ణంగా పరిశీలించడం మొదలుపెట్టాను, పొడి తెడ్డుతో. ఆవిడ తాకకూడదు కాబట్టి పీట మీద కూర్చుని చెప్పేవారు. "అలా గీకకురా. అడుగు నుంచి లేపు. చేతి తడి తగిలిందంటే ఊరుకోను." యాభై రెండేళ్ళ వయసులో నేను మళ్ళీ తిట్లు తింటూ గుండ్రంగా తిప్పడం నేర్చుకున్నాను.

ప్రతి పరిశీలనకీ నివేదిక ఉండాలి. అందులో రంగు, వాసన, శబ్దం, మట్టం, విశేషాలు అని గళ్ళుంటాయి. మొదటి రెండు రోజులూ రంగు ఊదా, వాసన ద్రాక్ష అని రాసి పంపాను. విరూపాక్షం గారు ఎర్ర సిరాతో తిప్పికొట్టారు. "నిన్నటి నివేదికను నకలు చేసినట్లున్నది. తనిఖీ నిజముగా జరిగినదని పై అధికారులు విశ్వసించవలెనన్నచో వాసన దినదినము వేరుగా ఉండవలెను."

దాంతో నాకు జన్మలో అలవాటు లేని పని పడింది. జాడీ మీదికి వంగి నిజంగా వాసన చూడాల్సి వచ్చింది. ఎనిమిదో రోజు: బడిసంచీలో మర్చిపోయిన అరటిపండు వాసన. పన్నెండో రోజు: శబ్దం తగ్గినది, పక్క గదిలో ఇద్దరు ఆడవాళ్ళు మన గురించే మాట్లాడుకుంటున్నంతగా వినబడుచున్నది. పదిహేడో రోజు: లవంగం మొదటిసారి బయటపడినది, చెక్క ఇంకా బెట్టు చేయుచున్నది. ఇవన్నీ సంతకం, తేదీ, ముద్రతో సహా పై ఆఫీసుకి వెళ్ళాయి.

ఇరవై ఒకటో రోజు వడకట్టాలి. పద్నాలుగో నిబంధనే ఆదుకుంది. "పదార్థములో అన్యవస్తువులు కలవేమో నిర్ధారించు నిమిత్తము, మొత్తము పదార్థమును పలుచని పంచె గుడ్డ గుండా వేరొక జాడీలోనికి పంపి చూడడమైనది. తొక్కలు, గింజలు, గోధుమలు లభించినవి. స్వాధీనపరచుకొనడమైనది" అని రాశాను. స్వాధీనమైన తొక్కలు ఆఫీసు బీరువాలో పెట్టాం. చీమలు పది రోజుల పాటు మా హాజరు పుస్తకం మీదుగా నడిచాయి. తర్వాత పంచదార పాకం, రంగు కోసం కాస్త మాడ్చిన పంచదార కలపాలి. "పదార్థము ఎంతవరకు తీపిని భరించగలదో పరీక్షించడమైనది. భరించినది."

ఇదంతా ఇంత సాఫీగా సాగుతున్నందుకు నాలో నేను మురిసిపోయాను. ప్రభుత్వోద్యోగి మురిసిపోకూడదు. పై ఆఫీసువాళ్ళు మా నివేదికలు చదువుతున్నారని నాకు తట్టలేదు.

రాష్ట్రం మొత్తం మీద సున్నా రాని కార్యాలయం మాదొక్కటేనట. డిసెంబర్ రెండో వారంలో అన్ని జిల్లాలకీ సర్క్యులర్ వెళ్ళింది. జంక్షన్ పద్ధతిలో ప్రతి కార్యాలయం కనీసం ఇరవై జాడీలను రోజూ క్షుణ్ణంగా పరిశీలించాలి. పక్క జిల్లావాళ్ళు ఇరవై ద్రాక్ష జాడీలు దొరక్క ఊళ్ళో ఆవకాయ జాడీల మీద పడ్డారు. రోజూ ఉదయం పై నుంచి కిందికి, కింది నుంచి పైకి కలియతిప్పి, వారంలో పంతొమ్మిదింటికి బూజు పట్టించారు. బూజు తమ పరిధిలోకి రాదని వాళ్ళు వెంటనే లేఖ రాశారు. ఇరవయ్యో జాడీ యజమానురాలు తెడ్డు లాక్కుని తనిఖీ అధికారిని వీధి చివరిదాకా పరిశీలించిందని తెలిసింది.

విరూపాక్షం గారు మాత్రం భూమ్మీద లేరు. డిసెంబర్ ఇరవై మూడున రాష్ట్రస్థాయి ఉన్నత పరిశీలక బృందం వస్తోంది, తుది నిర్ణయం జాడీ దగ్గరే తీసుకుంటారు. తొమ్మిది మంది, రెండు కార్లు. బృందానికి నాయకుడు మండలి కార్యదర్శి భుజంగరావు గారు.

టీచరు గారు ఇస్త్రీ చీర కట్టుకుని, ఇల్లు కడిగి, బల్ల మీద గ్లాసులు బోర్లించి ఉంచారు. నిర్ణయం కోసం ఎలాగూ జాడీ విప్పుతారు కదా అని నేనే ఆవిడతో అన్నాను: "మీ చెల్లెలి గారి గ్లాసు ముందే తీసి పెట్టేద్దాం." ఒక గ్లాసు నింపి, పైన సాసరు మూసి, గూట్లో పెట్టాను. మట్టం అంత తగ్గిందని ఆ గడిలో రాసేశాను కూడా.

బృందం పదకొండింటికి దిగింది. భుజంగరావు గారు మొదటి గ్లాసు వెలుతురుకి పట్టి చూసి, తాగి, కళ్ళు మూసుకున్నారు.

"ఎలా ఉందండీ?" అన్నారు టీచరు గారు ఉండబట్టలేక.

"అప్పుడే అభిప్రాయం చెప్పరాదమ్మా. మొదటి నమూనా నాలుకను సిద్ధం చేయు నిమిత్తము మాత్రమే."

తొమ్మిది నాలుకలు సిద్ధమయ్యాయి. రెండో నమూనా మొదటిదానితో పోల్చే నిమిత్తం. పోల్చారు. రెండింటికీ తేడా వస్తే మూడో నమూనా తప్పనిసరి అన్నారు.

"తేడా వచ్చిందాండీ?" అన్నాను.

"వచ్చింది. రెండోది ఇంకా బాగుంది" అన్నారు కార్యదర్శి గారు.

మూడోది అయ్యాక, తర్వాత తాగినవాళ్ళ అభిప్రాయం మీద ముందు తాగినవాళ్ళ ప్రభావం పడకుండా క్రమం మార్చి నాలుగోది పోయించారు. కేకు సాక్ష్యంగా స్వీకరించారు. ఇద్దరు సభ్యులు బాల్యం గుర్తొచ్చి పాటందుకున్నారు. జాడీ వంచితే అడుగున మడ్డి తప్ప ఏమీ రాలేదు. "ఇదే ఆఖరా?" అని చుట్టూ చూసిన భుజంగరావు గారికి గూట్లో సాసరు కనబడింది.

"అదేమిటి?"

"అది మా చెల్లెలి కోసమండీ, రోజమ్మ కోసం. అదొక్కటీ వదిలెయ్యండి బాబూ" అన్నారు టీచరు గారు అడ్డంగా నిలబడి.

"వేరుగా ఉంచిన నమూనా అన్నమాట. అన్నిటికన్నా ముఖ్యమైనది అదేనమ్మా" అని ఆయన ఎంతో మర్యాదగా ఆవిడ పక్కనుంచి చెయ్యి చాచి, గ్లాసు తీసుకుని తాగేశారు.

నేను కల్పించుకోలేదు. నా పని రాయడం, రాస్తూ ఉండిపోయాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సాయంత్రానికి తుది ఉత్తర్వు వెలువడింది. "పదార్థము ఏదో నిర్ధారించుటకు తగినంత పదార్థము లభ్యము కానందునను, దరఖాస్తుదారు ఇంట ప్రస్తుతము పులియుచున్న పదార్థమేదియు లేనందునను, దరఖాస్తు పరిష్కరింపబడినది. యథాతథస్థితి తొలగింపబడినది." విరూపాక్షం గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. అది పట్టుకుని ఆయన ఒక్కసారి ఖాళీ జాడీ వైపు చూసి కారెక్కేశారు.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం నేను టీచరు గారింటికి వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు. ఉత్త చేతులతో వెళ్ళలేక ఫైలు పట్టుకెళ్ళాను. రోజమ్మ గారు అప్పటికే వచ్చి వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతిలో గొడుగు, కాళ్ళకి చెప్పులు అలాగే ఉన్నాయి. లోపలికి ఇంకా అడుగుపెట్టలేదు.

"గ్లాసేదే అక్కా?"

"ఉంచానే. తాగేశారు."

"పదకొండేళ్ళ కిందటా ఇదే మాట." ఆవిడ లేచి నిలబడ్డారు. "ఐదింటికి బండుంది. వెళ్తా."

"అమ్మా, ఒక్క నిమిషం. ద్రాక్షరసం ఉన్నమాట నిజం. నా దగ్గర కాగితాలున్నాయి" అన్నాను.

"నువ్వెవరు?"

"పర్యవేక్షణ మండలి సీనియర్ అసిస్టెంటుని."

"అయితే తాగినవాళ్ళలో నువ్వూ ఒకడివి."

"కాదమ్మా. నేను కలిపినవాణ్ణి."

ఆవిడకి అర్థం కాలేదు. నేను ఫైలు విప్పి ఎనిమిదో రోజు నుంచి చదవడం మొదలుపెట్టాను. అరటిపండు దగ్గర ఆవిడ గొడుగు మోకాళ్ళ మీద పెట్టుకుని మళ్ళీ కూర్చున్నారు. ఇద్దరు ఆడవాళ్ళ గుసగుసల దగ్గర మొహం తిప్పుకున్నారు. లవంగం దగ్గర ఆపారు.

"ఎన్ని లవంగాలు వేశావే?"

"నాలుగు."

"అమ్మ ఆరు వేసేది."

"ఆరైతే ఘాటు. ఆ ఘాటుకి నువ్వే దగ్గేదానివి."

"నేనా? దగ్గింది నువ్వు!"

నేను చదువుతూనే పోయాను. వడపోత, తీపి పరీక్ష అయ్యాయి. ఆఖరి నివేదిక ఇరవై మూడో తేదీది. "మూత పెట్టిన గ్లాసొకటి గూట్లో వేరుగా ఉన్నది. విచారింపగా, రోజమ్మ అను చెల్లెలి కొరకు ఉంచినట్లు దరఖాస్తుదారు తెలిపినది. ఆ గ్లాసొక్కటి వదలవలసినదిగా బ్రతిమాలినది. అడ్డముగా నిలబడినది. సదరు గ్లాసును కార్యదర్శిగారు సేవించినారు."

ఆవిడ గొడుగు పక్కన పెట్టారు.

"మళ్ళీ చదువు" అన్నారు రోజమ్మ గారు.

మళ్ళీ చదివాను.

"ఎవరి కొరకు అని రాశావు?"

"రోజమ్మ అను చెల్లెలి కొరకు."

"కింద సంతకాలున్నాయా?"

"తొమ్మిదిమందివీ ఉన్నాయమ్మా. చదవకుండానే పెట్టారు."

ఆవిడ ఫైలు తన చేతిలోకి తీసుకుని ఆ తొమ్మిది సంతకాలూ వేలితో ఒక్కొక్కటే తడిమి చూసుకున్నారు. తర్వాత దాన్ని నాకిచ్చేసి, చెప్పులు వరండాలో విడిచి, అక్క భుజం పట్టుకుని లోపలికి వెళ్ళారు.